కు॥ వసుమతి

ముప్ఫై రెండేళ్లుగా ఊరందరి పేర్ల ముందు ఏం పెట్టాలో నేనే చెబుతున్నాను. నా పేరు ముందు ఏం పెట్టాలో మాత్రం ఇప్పటిదాకా ఎవరూ తేల్చలేదు. నవ్వకండి, ఇది నవ్వే సంగతి కాదు. మొదట్లో నేనూ నవ్వాననుకోండి.

మాది పంజాగుట్టలో పెళ్లికార్డుల షాపు. మాది అంటే నాది కాదు, యెషయా గారిది. వాళ్ల నాన్నగారు పెట్టింది. ముందు గదిలో బీరువాల నిండా శాంపిల్ కార్డులు, మధ్య గదిలో నా కంప్యూటరు, వెనక షెడ్డులో మిషను, మిషను దగ్గర రాజనర్సయ్య. నా పని మ్యాటరు కొట్టడం. అంటే జనం కాగితం మీద గిలికి తెచ్చిన పెళ్లిని మర్యాదగా కూర్చిపెట్టడం. పెళ్లికొడుకు ముందు చి॥, పెళ్లికూతురి ముందు చి॥ల॥సౌ॥, పోయినవాళ్ల ముందు కీ॥శే॥, మొగుడున్న ఆడవాళ్ల ముందు శ్రీమతి, మొగుడు పోయిన వెనకటి తరం ఆడవాళ్ల ముందు గం॥భా॥. ఈ చివరిది ఇప్పుడెవరూ వేయించుకోవడం లేదు, మంచిదే. గంగాభాగీరథీ సమానురాలట! బతికున్న మనిషిని నదులతో సమానం చేస్తే ఆవిడకేం ఒరిగింది? పసుపుకుంకుమలు తీసేసి నది పేరు పెట్టారు, అంతేగా.

ఇన్నింటిలో నాకు మిగిలింది కు॥. కుమారి. మా నాన్న తణుకులో తెలుగు మాస్టారు. కుమారి అంటే పన్నెండేళ్లు నిండని పిల్ల అని ఆయనే చెప్పేవారు. నాకిప్పుడు యాభై ఏడు. గ్యాస్ రశీదు మీద నేను కుమారినే. బండ తెచ్చేవాడు ఆ కాగితం చూసి, "కుమారి వసుమతి అంటే మీ బిడ్డనా అమ్మా? జర పిలువుండ్రి, ఓటీపీ చెప్పాలె" అంటాడు. "నేనే నాయనా ఆ బిడ్డని" అంటే నా జుట్టు వంక ఒకసారి చూసి, బండ దించి వెళ్లిపోతాడు.

పెళ్లెందుకు కాలేదంటే ఒక కథ చెప్పలేను. చెప్పడానికి కథంటూ ఉంటే బాగుండేది. ఒక సంబంధం జాతకం కుదరక పోయింది, ఒకటి నాకే నచ్చలేదు, ఒకటి వాళ్లు ఏ సంగతీ చెప్పకుండానే ఊరుకున్నారు. ఆ తర్వాత నాన్న పోయారు, తమ్ముడు రఘురామ్ చదువు, ఈ షాపులో ఉద్యోగం. ఒకనాడు చూసుకుంటే అడిగేవాళ్లే లేరు. అంతే.

ఈ కు అనే అక్షరం సంగతి మా నాన్నకి మహా ఇష్టం. ఒక్క అక్షరం, ఎన్ని వేషాలేస్తుందో చూడవే అనేవారు. మాట ముందు తగిలిస్తే చెడ్డదవుతుంది: కుబుద్ధి, కుతర్కం, కుసంస్కారం. అది సంస్కృతం నుంచి వచ్చింది. మాట వెనక తగిలిస్తే ఫలానావారి కోసమని: అత్తకు, అమ్మకు, ఊళ్లకు. అది మన ఇంటిదే. చేసే పని చివర తగిలిస్తే వద్దని: ఏడవకు, అనకు, వెళ్లకు. నేను షాపులో చేరిన కొత్తల్లో కు॥ని॥ శిబిరాల కరపత్రాలు కట్టలు కట్టలుగా వేశాం. కుటుంబ నియంత్రణ. పెళ్లి కాని పిల్లని కూర్చోబెట్టి పొద్దస్తమానం ఆ మాటే కొట్టించారు, ఏం చెప్పను. ఇవన్నీ ఒకసారి రాజనర్సయ్యకు చెబితే, "మాకు తెల్సిన కు ఒక్కటే అక్కా, కుత్బుల్లాపూర్. గాడ మా అత్తగారిల్లు" అన్నాడు. వాడికి తెలిసిన కు వాడికి చాలు. నాకున్నది చాలక వచ్చింది చిక్కంతా.

ఇక మా షాపులో ఒక పుస్తకం ఉంది. పొడుగాటి నోటుబుక్కు, పురికొసతో గోడ మేకుకు వేలాడుతుంది. తప్పుల పుస్తకం. యెషయా గారి నాన్నగారు పెట్టిన పద్ధతి. ఎవరి చేతి మీద తప్పు పడితే వాళ్లే వచ్చి తేదీ, ఏం తప్పు, చేసినవారు అని మూడు గళ్లలో రాయాలి. కోప్పడటం ఉండదు, జీతం కోయడం ఉండదు. "ఒప్పుకున్న తప్పును దేవుడు మళ్ల చదవడు" అని యెషయా గారు ఆదివారం చర్చిలో ఎలాగంటారో ఇక్కడా అలాగే అంటారు.

ఆ పుస్తకంలో నా తప్పు ఒక్కటే ఉంది. పంతొమ్మిదేళ్ల కిందటిది. సనత్‌నగర్ వాళ్ల కార్డులో పెళ్లికొడుకు తాతగారి పేరు ముందు కీ॥శే॥ వేసేశాను. వాళ్లబ్బాయి ప్రూఫు చూశాడు, బాగుందన్నాడు, సంతకం పెట్టాడు. నాలుగు వందల కార్డులు పడ్డాయి. మూడో రోజు పొద్దున్నే ఒక పెద్దాయన చేతికర్ర పుచ్చుకుని వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. కార్డు బల్ల మీద పెట్టి, "అమ్మా, నేనెప్పుడు పోయానో కాస్త చెబుతావా, తద్దినం తేదీ రాసిపెట్టుకోవాలి" అన్నారు. భూమిలోకి కుంగిపోయాను. ఆయన మాత్రం టీ తెప్పించుకుని తాగి, చల్లగా వెళ్లారు. ఆ తర్వాత ఇంకో పదేళ్లు బతికారని విన్నాను.

ఆరోజు నాకు ఒక సంగతి తెలిసింది. ప్రూఫు చూసేవాళ్లు అక్కడ ఉన్నది చదవరు. ఉండాల్సింది చదువుతారు. కళ్లు కాగితం మీదే ఉంటాయి, చదివేది మాత్రం మనసు. అప్పట్నుంచి నాదో రూలు. కార్డు మిషను మీదకి వెళ్లే ముందు ఇంటివాళ్లు నా ఎదురుగా కూర్చుని, ఒక్కో పేరు మీద వేలు పెట్టి, పైకి చదవాలి. నేను పక్కనుంచి కాగితం చూస్తూ వింటాను. మాట తేడా వస్తే మళ్లీ మొదటినుంచి. అప్పుడే సంతకం. జనం విసుక్కుంటారు. "ఏంటండీ, ఒకటో క్లాసు పిల్లల్లా" అంటారు. అనుకోనీ. పంతొమ్మిదేళ్లుగా నా చేతి మీద ఒక్క తప్పు పడలేదు. నాకు మొగుడు లేడు, ఇల్లు లేదు, బంగారం లేదు. ఇదొకటి ఉంది.

ఇంకొకటి కూడా ఉంది. హైందవి. రఘురామ్ కూతురు. ఇంటరు అవగానే ఇంజనీరింగు అని తణుకు నుంచి తెచ్చి నా గదిలో దింపాడు. అమీర్‌పేటలో మూడో అంతస్తు, ఒక గది, ఒక వంటిల్లు, మైత్రీవనం వైపు ఒక కిటికీ. పెట్టె కింద పెట్టి, "అక్కా, హాస్టల్లో వేస్తే వాళ్లమ్మ నిద్రపోదు" అన్నాడు. ఆరేళ్లు. దాని చదువు, దాని కోచింగు, దాని మొదటి ఉద్యోగం, దాని జ్వరాలు, దాని అలకలు, బాత్రూంలో దాని పాటలు, అన్నీ ఆ గదిలోనే. దానికి సాంబారు పల్చగా ఉండాలి. నాకు చిక్కగా ఉండాలి. ఆరేళ్లు నేను పల్చటి సాంబారే తాగాను. దాన్ని చూస్తే నాకు ప్రాణం, ఇందులో దాచేదేముంది.

సంబంధం కుదిరింది. అబ్బాయి పేరు అభిలాష్, మాధాపూర్‌లో ఉద్యోగం. వాళ్లూ మన కోస్తావాళ్లే. ఒక సోమవారం పొద్దున రఘురామ్ రైలు దిగి సరాసరి షాపుకే వచ్చాడు. నాలుగు మూలలా పసుపు రాసిన తెల్లకాగితం నా చేతిలో పెట్టాడు. మ్యాటరు.

"అక్కా, ఈ కార్డు నీ చేత్తోనే పడాలి. బయట ఎవరికిచ్చినా నాకు తృప్తి ఉండదు" అన్నాడు.

నా ముఖం చేటంత అయింది. కళ్లజోడు పెట్టుకుని చదివాను. పైన మా నాన్న పేరు, ముందు కీ॥శే॥. తర్వాత రఘురామ్, మా మరదలు ఉదయలక్ష్మి. చి॥ల॥సౌ॥ హైందవి. చి॥ అభిలాష్. ముహూర్తం, వేదిక. కింద ఆహ్వానించే బంధువులు: మేనమామ శ్రీ ఫణీంద్ర దంపతులు, బాబాయి శ్రీ బుల్లబ్బాయి దంపతులు, ఇంకా నలుగురైదుగురు. వెనక్కి తిప్పి చూశాను. మళ్లీ ముందుకు తిప్పాను.

"ఒరే రఘూ, ఇందులో నా పేరు లేదేంట్రా?"

వాడు బీరువాలో శాంపిల్ కార్డులు చూడటం మొదలుపెట్టాడు. "నీకు పేరెందుకక్కా? నువ్వు ఇంటిమనిషివి. ఇంటిమనిషికి కార్డులో పేరేంటి, చెప్పు."

"మరి బుల్లబ్బాయి? పినతండ్రి కొడుకు. వాడూ వాడి పెళ్లామూ ఉన్నారుగా."

"వాళ్లు దంపతులు కదక్కా. అందరూ జంటలుగా ఉన్నారు. మధ్యలో నువ్వొక్కదానివే... ఏమని వేయను? కుమారి అంటే నలుగురూ నవ్వుతారు. శ్రీమతి అంటే అబద్ధం." అని, గొంతు తగ్గించాడు. "అభిలాష్ వాళ్లమ్మగారు కాస్త పట్టింపు మనిషి. మేనత్త ఎందుకలా ఉండిపోయింది, పిల్ల ఆరేళ్లు ఆవిడ దగ్గరే ఎందుకుంది అని ఇప్పటికి రెండుసార్లు అడిగారు. కార్డులో కనిపిస్తే మూడోసారి అడుగుతారు. పెళ్లయిపోతే ఎవడిక్కావాలక్కా ఇవన్నీ?"

"హైందవికి తెలుసా?"

"దానికేం తెలుసు ఈ గొడవ. మ్యాటరు నేనే రాశాను."

నాకు నోరు లేదని ఎవరూ అనరు. సాయంత్రం కల్లా కార్డు కావాలన్నవాళ్లని నిలబెట్టి కడిగేసిన రోజులున్నాయి. కానీ ఎదురుగా ఉన్నది నేను ఎత్తుకుని తిప్పిన తమ్ముడు. వాడు నా ముఖం చూడకుండా, ఎవరో ముక్కూ ముఖం తెలియనివాళ్ల పెళ్లికార్డు వంక అంత శ్రద్ధగా చూస్తుంటే ఏమనను? "సరేలే" అన్నాను. వాడు టీ కూడా తాగకుండా ఖైరతాబాద్‌లో ఏదో పనుందని వెళ్లిపోయాడు.

నాకు కావాల్సింది పెద్దదేం కాదు. ఒక్క వరస. మేనత్త, పక్కన నా పేరు. ముప్ఫై రెండేళ్లలో ఎన్ని వేల మేనత్తలను కూర్చి ఉంటాను! ముఖం కూడా చూడని వాళ్ల మేనత్తలు, ఎప్పుడో పోయినవాళ్ల మేనత్తలు. నేను పెంచిన పిల్ల కార్డులో ఆ ఒక్క వరస నాకు పడాలి. అంతే నా కోరిక. అది కూడా ఎక్కువైందా?

మధ్యాహ్నం మ్యాటరు కొట్టాను. యెషయా గారు వెనక నిలబడి చూసి, "వసుమతమ్మా, మీ పేరు ఏడుంది?" అన్నారు.

"లేదండి."

"ఎందుకు లేదు?"

చెప్పాను. ఆయన తల గోక్కున్నారు. "మా దాంట్ల ఈ తకరారే లేదమ్మా. ప్రతి ఆమె సహోదరినే. పెండ్లయితే సహోదరి, కాకుంటే సహోదరి, ఎనభై ఏండ్లొచ్చినా సహోదరి. మీరు సుత సహోదరి వసుమతి అని ఏసుకోండ్రి."

"మీ ప్రభువు దయ చల్లగా ఉంటుంది కానీ, మా మరదలు ఉదయలక్ష్మి చల్లగా ఉండదండి" అన్నాను. ఇద్దరం నవ్వాం. నవ్వాక నాకు ఏడుపొచ్చింది, తల తిప్పుకున్నాను.

రాజనర్సయ్య వెనక షెడ్డులోంచి అంతా విన్నట్టున్నాడు. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, "అక్కా, నువ్వే ఏసుకో నీ పేరు. మిషిన్ మీదికి పోయినంక ఎవరు జూస్తరు? పంచేటప్పుడు జూసినా ఏం జేస్తరు? ఫికర్ చేయకు" అన్నాడు.

వాళ్లిద్దరూ భోజనానికి వెళ్లాక వేసుకున్నాను. అవును, వేసుకున్నాను. బుల్లబ్బాయి దంపతుల కింద ఒక వరస తెరిచి, మేనత్త అని కొట్టి, పక్కన కు॥ వసుమతి అని కొట్టాను. బాగోలేదు. శ్రీమతి పెట్టి చూశాను, పక్కన మొగుడి పేరు కోసం చూస్తున్నట్టుంది. చి॥ పెట్టాను, పిచ్చిదాని వేషంలా ఉంది. అన్నీ తీసేసి ఒట్టి వసుమతి అని ఉంచాను. ముందేమీ లేకుండా నా పేరు నేను చూసుకోవడం అదే మొదటిసారి. పేరు బాగానే ఉంది. ఎవరూ పిలవకుండా పెళ్లికొచ్చి చివరి వరసలో కూర్చున్నట్టు మాత్రం ఉంది.

చెరిపేశాను. తమ్ముడు వద్దన్నది దొంగతనంగా వేసుకుని, అదే గొప్పనుకుని బతకాలా? పేరు చెరిపాను కానీ తెరిచిన వరసని మాత్రం మూయలేదు. ఆ జాగా అలాగే ఉండిపోయింది.

ప్రూఫు ఫోనులో పంపితే రఘురామ్ ఒక్క నిమిషంలో ఓకే అన్నాడు. నా రూలు వాడికి తెలుసు. "నీ దగ్గర నాకెందుకక్కా చదవడం" అని మెసేజి. ఎవరైనా రూలు రూలే, మా ఇంటి కార్డైనా సరే. "అయితే హైందవిని పంపు" అన్నాను.

మర్నాడు సాయంత్రం హైందవి ఆఫీసు నుంచి మెట్రోలో పంజాగుట్టలో దిగి వచ్చింది. చెవిలో ఇయర్‌ఫోను, చేతిలో ఫోను, భుజాన బ్యాగు. ఆ వారంలోనే తణుకు ప్రయాణం, పెళ్లయ్యేదాకా అక్కడే. నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అత్తా, నాక్కూడా పరీక్షేనా?"

"నీకే పరీక్ష. వేలు పెట్టి పైకి చదువు."

చదవడం మొదలుపెట్టింది. నేను ప్రూఫు మీదకి వంగాను. తాతగారి పేరు, నాన్న పేరు, అమ్మ పేరు. తన పేరు దగ్గర సిగ్గుపడింది, అభిలాష్ పేరు దగ్గర గొంతు మారింది. మధ్యలో ఫోను మోగితే కట్ చేసింది. వేలు కిందకి దిగింది. "మేనమామ శ్రీ ఫణీంద్ర దంపతులు. బాబాయి శ్రీ బుల్లబ్బాయి దంపతులు. మేనత్త వసుమతి."

నేను కాగితం వంక చూశాను. దాని వేలు ఆ ఖాళీ జాగా మీద ఉంది. ఒక్క క్షణం ఆగింది, కిందకి జరిగింది, మిగతా పేర్లు చదివింది. "అందరూ రావలెనని మా ఆకాంక్ష" అని ముగించి, నా వంక చూసి, "పాసా?" అంది.

రూలు ప్రకారం అప్పుడు నేను కాగితం లాక్కుని, "లేనిది చదివావు, మళ్లీ మొదటినుంచి" అనాలి. పంతొమ్మిదేళ్లుగా ఎంతమందిని అలా కూర్చోబెట్టానో. నోటిదాకా వచ్చింది కూడా. ఆగిపోయాను. మళ్లీ చదివితే ఈసారి దానికి ఆ ఖాళీ కనిపిస్తుంది. కనిపిస్తే రెండే జరుగుతాయి. ఫోను తీసి వాళ్ల నాన్నతో పోట్లాడుతుంది, ఆ పోట్లాట అభిలాష్ వాళ్లమ్మగారి చెవిన పడుతుంది, పెళ్లింట్లో నిప్పు పెట్టినదాన్ని నేనవుతాను. లేదా, నా వంక ఒకసారి చూసి, తల దించుకుని, సంతకం పెట్టేస్తుంది. అలా పెట్టేస్తే, ఆ రాత్రి అదే గదిలో దాని మంచం పక్కన నేనెలా పడుకోవాలి? ఆ రెండింట్లో ఏది జరుగుతుందో తెలుసుకునే ధైర్యం నాకు లేదు. నా పేరు దాని నోట విన్నాను. దాన్ని మళ్లీ చదివించి పోగొట్టుకోలేను.

"పాసే" అన్నాను. సంతకం పెట్టి, నా బుగ్గ గిల్లి, బస్సు టిక్కెట్లు చూసుకుంటూ వెళ్లిపోయింది.

మర్నాడు రాజనర్సయ్య మిషను దగ్గర నిలబడి అడిగాడు. "అక్కా, గీడ జాగ గట్లనే ఉంచాల్నా?"

"ఉంచు" అన్నాను. ఆరు వందల కార్డులు పడ్డాయి. నేనే లెక్కపెట్టి కట్టలు కట్టాను. హైందవితోనే తణుకు పంపాను.

అది వెళ్లాక గది పెద్దదైపోయింది. మొదటి రోజు సాంబారు చిక్కగా పెట్టుకున్నాను, ఆరేళ్లకి నాకిష్టమైనట్టు. తినలేకపోయాను, నీళ్లు పోసి పల్చగా చేసుకున్నాను. పంజాగుట్ట ఒక్క స్టేషనే కాబట్టి నేనెప్పుడూ నడిచే వెళతాను. మైత్రీవనం ముందు కోచింగు కరపత్రాలు పంచేవాళ్లు వరసగా నిలబడి ఉంటారు. ఆరేళ్లు మేమిద్దరం కలిసి నడిస్తే దాని చేతిలో నాలుగైదు కాగితాలు పడేవి, అది విసుక్కుని నా సంచిలో కుక్కేది. ఇప్పుడు నేనొక్కదాన్నే నడుస్తుంటే ఎవరూ ఇవ్వరు. చెయ్యి నా దాకా వచ్చి, నన్ను దాటి, వెనకవాళ్లకి వెళుతుంది. ఒకరోజు నేనే చెయ్యి చాపి అడిగి తీసుకున్నాను. కొత్త బ్యాచ్ సోమవారం నుంచట. ఆ కాగితం ఇంకా నా సంచిలోనే ఉంది.

పది రోజులకు, మధ్యాహ్నం పూట, షాపులో ఉండగా ఫోను వచ్చింది.

"అత్తా! కార్డులో నీ పేరు లేదు!"

కొడుతున్న మ్యాటరు ఆపి, ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను.

"ఇప్పుడే చూశాను. పిన్ని వాళ్లకి బొట్టు పెట్టి కార్డు ఇస్తుంటే పిన్ని అడిగింది, మీ మేనత్త పేరేదే అని. నేను చదివాను కదత్తా? నాకు బాగా గుర్తుంది, మేనత్త వసుమతి అని చదివాను!"

"చదివావమ్మా. నేను విన్నాను."

"మరెలా పోయింది? నాన్న రాయలేదా? నాన్నా, ఇలా రా! నువ్వు మ్యాటర్లో అత్త పేరు రాయలేదా?"

దాని గొంతులో కోపం నాకు తెలిసిన కోపమే. నా దగ్గర నేర్చుకున్నదే. ఆరోజు తేల్చుకోలేనిది ఇప్పుడు తేలిపోయింది. ఇది సంతకం పెట్టేసే పిల్ల కాదు. ప్రాణం లేచొచ్చింది. అవతల చెప్పుల చప్పుడు వినిపించింది, రఘురామ్ వస్తున్నాడు. ఇంకో రెండు అడుగులు వేస్తే వాడు దానికి జవాబు చెప్పాలి. నిజం చెబితే పెళ్లి పది రోజుల్లో ఉండగా తండ్రీకూతుళ్లకి చెడుతుంది. చెప్పకుండా దాచి, తర్వాత తెలిస్తే, అది వాణ్ని జన్మలో నమ్మదు.

"మీ నాన్న రాశాడే" అన్నాను. "నేనే వదిలేశాను. కంపోజింగులో ఒక వరస ఎగిరిపోయింది."

"నువ్వా?" అంది. "నువ్వు తప్పు చేశావా?"

"చేశాను. నువ్వు సరిగ్గా చదివావు, నేను కాగితం చూసుకోలేదు."

ఒక్క క్షణం నమ్మలేదు. తర్వాత నవ్వు మొదలైంది. అది నవ్వితే ఆగదు. "అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడిందంట! నాన్నా, విన్నావా? ఊరందరి పేర్లూ చూసే అత్త, సొంత పేరే మర్చిపోయిందంట!"

అవతల రఘురామ్ గొంతు సవరించుకున్నాడు. అంతవరకే వినిపించింది.

"మళ్లీ వేయిద్దాం అత్తా. నువ్వు లేకుండా ఏంటి?"

"వద్దే. సగం పంచేశారుగా. నేను లేకపోవడమేంటి, ముందురోజే వచ్చి కూర్చుంటాను. అభిలాష్ పెళ్లిబట్టలు కుట్టించుకున్నాడా?" అని మాట మార్చాను. ఇంకో ఐదు నిమిషాలు ఏదేదో చెప్పింది. ఫోను పెట్టేసి చూస్తే మిషను ఆగి ఉంది. రాజనర్సయ్య షెడ్డు గుమ్మంలో నిలబడి నన్నే చూస్తున్నాడు.

నేను లేచి, గోడ మేకు నుంచి తప్పుల పుస్తకం తీశాను. పురికొస పాతబడి చేతికి పొట్టు రాలింది. యెషయా గారు కౌంటరు దగ్గర్నుంచి వచ్చారు.

"వసుమతమ్మా, అది మీ తప్పు కాదు. మాకు తెల్వదా?"

"రాయనివ్వండి. రేపు పెళ్లయ్యాక అది షాపుకొచ్చి ఈ పుస్తకం తీసి చూస్తుంది. దాని సంగతి మీకు తెలీదు. ఇందులో లేకపోతే నేను అబద్ధం చెప్పానని పట్టేస్తుంది."

ఆయన నాకు పెన్ను ఇచ్చి పక్కన నిలబడ్డారు. పంతొమ్మిదేళ్ల కిందటి నా తప్పు వెనక పేజీల్లో ఎక్కడో ఉంది, వెతకలేదు. కొత్త వరసలో మొదటి గడిలో తేదీ వేశాను. రెండో గడిలో, హైందవి పెళ్లికార్డులో మేనత్త పేరు విడిచిపోయినది అని రాశాను. మూడో గడి పైన చేసినవారు అని ఉంటుంది. అందులో వసుమతి అని రాశాను.

ముందేమీ పెట్టలేదు. ఏం పెట్టాలని అక్కడ ఎవరూ అడగలేదు కూడా.